తెర వెనక నుంచి చూసిన యుద్ధం

చిన్నప్పుడు మాకు సినిమా అంటే తెర వెనక నుంచే... రాయ్‌పూర్ రైల్వే కాలనీ మైదానంలో తెల్లగుడ్డ కట్టేవారు. ముందువైపు మగవాళ్లు, వెనకవైపు ఆడవాళ్లు, పిల్లలం. బొమ్మ రెండువైపులా పడేది కదా, మాకేం లోటు అనుకునేవాళ్లం!

ఆసారి యుద్ధం సినిమా వేశారు. ఆ కథని అంతకుముందే నవలగా నాన్న ఇంట్లో పైకి చదివి వినిపించారు... యుద్ధమంటేనే విరక్తి పుట్టించే పుస్తకం. చివర్లో కుర్ర సైనికుడు ఇంటికి ఉత్తరం రాస్తూ చనిపోతాడు. అప్పటికే మా అన్నయ్య మిలిటరీకి ఎంపికయ్యాడు. పది రోజుల్లో ప్రయాణం. అమ్మకి అన్నం సయించడం లేదు.

తెర మీద ఆ కుర్రాడు కలం తీశాడు. ఎడమచేత్తో... మా అన్నయ్యదీ పుర్రచెయ్యే. గారాబం కొద్దీ ఎవరూ మాన్పించలేదు, అన్నం కూడా ఆ చేత్తోనే. తెర మీదివాడూ అలాగే తల వంచి, కాగితం పక్కకి తిప్పి రాస్తున్నాడు. కలం ఆగిపోయింది. అమ్మ చల్లటి చెయ్యి నా మణికట్టు మీద బిగిసింది.

ఇంటికొచ్చాక అమ్మ ఆ ఎడమచెయ్యి సంగతి చెబితే నాన్న నవ్వారు, వెనక నుంచి చూస్తే కుడి ఎడమవుతుందే పిచ్చిదానా అని. తాను ముందు నుంచి చూశానని, అది కుడిచెయ్యేనని అన్నయ్య ఒట్టేశాడు. అమ్మ వింటేనా...

"నాను సూసినాను బాబూ. ఆడు నువ్వే."

ఆ పది రోజులూ కుడిచేత్తోనే తినమంది, రాయమంది. ఎడమచెయ్యి కదిపితే చాలు, ఉలిక్కిపడేది. మా బడుద్ధాయి నవ్వుతూ మెతుకులన్నీ ఒళ్లో పోసుకునేవాడు.

వెళ్లాడు... మరుసటి చలికాలం యుద్ధం వచ్చింది. ఉత్తరం వస్తే చదువురాని మా అమ్మ అక్షరాలను వేలితో తడిమి, ఏ చేత్తో రాశాడే అని నన్నడిగేది. నాకేం తెలుసు! కుడిచేత్తోనే అని అబద్ధం చెప్పేదాన్ని.

అన్నయ్య తిరిగొచ్చాడు! ఒంటి మీద గీత కూడా లేదు. అమ్మ స్టేషన్లోనే భోరుమంది. ఇంట్లో కంచం పెట్టి, ఇక నీ ఇష్టం నాయనా, ఏ చేత్తోనైనా తిను అంది. అన్నయ్య ఎడమచెయ్యి ఒళ్లో దాచుకున్నాడు.

"అక్కడ అన్నీ ఈ సేత్తోనే సేసినానమ్మా. దీంతో అన్నం తినలేను."

కుడిచేత్తో మెల్లగా, ఒక్కో ముద్దా కలుపుకుని తిన్నాడు. బతికినన్నాళ్లూ అంతే.

ఇప్పుడు యుద్ధాలన్నీ ఫోన్లోనే... అన్నం తింటూ చూసేస్తున్నాం. నాకైతే ముద్ద దిగదు. మీ ఇళ్లలో కూడా అలా తిరిగొచ్చినవాళ్లు ఉన్నారా? అక్కడ ఏం చేయాల్సి వచ్చిందో వాళ్లని ఎప్పుడైనా అడిగారా... మేం అడగలేకపోయాం.