సువార్తమ్మ ముందుపన్ను, కంటికింద నా వేలు

రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లు ఉన్నాయనగా, ఒక జూన్ నెలలో, నన్ను నరసాపురం ప్రాంతంలోని ఒక ప్రభుత్వాసుపత్రికి డెంటల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. పైహోదా వస్తుందని ఎదురుచూస్తున్నవాణ్ణి, వచ్చింది బదిలీ. అక్కడ నాకున్నది ఒక గది, ఒక కుర్చీ, ఒక చిన్న ఎక్స్‌రే మిషను, స్టాఫ్ నర్సు విజయగారు. కుర్చీ వెనక్కి బాగానే వాలేది గాని, మళ్లీ పైకి లేపాలంటే విజయగారు ఒక చెయ్యి వెయ్యాల్సిందే.

ప్రభుత్వ దంతవైద్యుడి పనిలో ఎక్కువభాగం పళ్లు పీకడమే. జనం కూడా ముదిరిపోయాకే వస్తారు. అవకాశం ఉన్నచోట, ముఖ్యంగా ముందుపళ్లకు, నేను రూట్ కెనాల్ చేసేవాణ్ణి. చచ్చిపోయిన పన్నును పీకకుండా, దాని లోపల నరం ఉండే సన్నటి కాలువను శుభ్రం చేసి మూసెయ్యడం అన్నమాట. మావైపు దాన్ని 'నరం తీయడం' అంటారు. త్వరగా అర్థమవుతుందని మేమూ అలాగే చెప్పేవాళ్లం.

మరుసటి ఏడాది వానలు మొదలయ్యాక సువార్తమ్మ వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. పైవరసలో సరిగ్గా మధ్యనున్న రెండు పళ్లలో ఎడమది బూడిదరంగుకు తిరిగింది, దానిపైన చిగురుమీద చీముపొక్కు. చిన్నప్పుడు చేతిపంపు పిడి ఎగిరి తగిలిందట. ఆ దెబ్బకు లోపల చచ్చిన పన్ను ఇన్నేళ్లకు బయటపడింది. దాని అంచున సన్నటి గాడి కూడా ఉంది. అది చూసి, లేసు అల్లుతారా అని అడిగాను. ఆవిడ తెల్లబోయింది. ఆ ఊళ్లలో ఆడవాళ్లు కొక్కెం సూదితో లేసు అల్లుతూ, దారాన్ని కత్తెరతో కాకుండా పంటితో తెంపుతారు. ఏళ్ల తరబడి ఒకేచోట దారం ఒరుసుకుని పన్ను అరుగుతుంది. నోరు చూసి వృత్తి చెప్పానని నాకు కాస్త గర్వంగానే అనిపించింది. అంత చూసినవాణ్ణి, చూడవలసింది చూడలేదు.

మాకు కాలేజీలో నేర్పిన పద్ధతి ఒకటుంది. సిరంజి పేషెంటు కంటపడకూడదు. నర్సు తల వెనకనుంచి అందిస్తుంది, డాక్టరు అరచేతిలో దాచి తెస్తాడు. నేనూ అలాగే తెచ్చి, "ఏం లేదమ్మా, చీమ కుట్టినట్టుంటుంది" అన్నాను. ఉద్యోగంలో ఈ మాట ఎన్నివేలసార్లు అని ఉంటానో. పన్నుదగ్గర చీము ఉంది కనుక అక్కడ మందు సరిగా పట్టదు. కొంచెం దూరంగా, కంటికింద ఎముకలోంచి నరం బయటికొచ్చేచోట ఇవ్వాలి. దానికి ఎడమచేతి వేలిని కంటికింద ఎముకమీద ఆనించి, పై పెదవి లోపలనుంచి సూదిని ఆ వేలివైపు పంపుతాం. ఆవిడ మూలగనైనా మూలగలేదు. ధైర్యవంతురాలే అనుకుని పనిముట్లు సర్దుకోవడానికి అటు తిరిగాను. అయిదు నిమిషాలకు ఆవిడ ఎడమకన్ను తడుముకుంది, మళ్లీ తడుముకుంది, కుర్చీ దిగి, మెడకు కట్టిన గుడ్డతోసహా వెళ్లిపోయింది. విజయగారు గేటుదాకా వెళ్లి పిలిచినా ఆగలేదట.

నాకు చిరాకేసింది. ఓపీ రిజిస్టరులో రిమార్కుల గడిలో 'పేషెంటు సహకరించలేదు' అని రాశాను. చికిత్స మధ్యలో లేచిపోయినవాళ్లకు రాయడానికి మా శాఖలో అరిగిపోయిన వాక్యం అది. రాస్తే మన బాధ్యత తీరుతుంది.

మూడువారాల తరవాత మళ్లీ వచ్చింది. పై పెదవి ఉబ్బి, వాపు ముక్కుపక్కనుంచి పైకి పాకుతోంది. గుమ్మం దగ్గరే నిలబడి, మాత్రలు చాలు, కుర్చీ ఎక్కను అంది. నాకు నిజంగానే భయం వేసింది. ఆ చీము అలాగే పైకి ఎక్కితే కంటికే ముప్పు. భయం కోపంగా బయటికొచ్చింది. ఇంత వయసొచ్చి సూదిమందుకు ఇంత పిరికితనమేమిటని గట్టిగానే అన్నాను.

"సూదికి భయమేంటండి," అందావిడ నెమ్మదిగా. "ముగ్గురు పిల్లల్ని ఇంట్లోనే కన్నానండి నేను."

నేను ఆగిపోయాను. నొప్పికి కాకపోతే మరి దేనికి? అంత సర్వీసులో ఈ ప్రశ్న ఒక్కరినైనా అడిగిన గుర్తు లేదు. జాలితో అడిగానని చెప్పుకుంటే బాగుంటుంది గాని, నిజానికి కుతూహలంతోనే అడిగాను. ఆవిడ విజయగారి వంక చూసి, నావంక చూసి, చెప్పింది.

"ముందుపన్ను నరం కంటికెళ్తుందని మా తోడికోడలు ముందే చెప్పిందండి. నేను నమ్మలేదు. మీరు సూదేసేముందు నా కంటికిందే వేలెట్టారు కదండి. కాసేపటికి కిందరెప్ప మొద్దుబారిపోయింది. ముట్టుకుంటే నాది కానట్టుందండి. నరం తియ్యకముందే ఇలాగుంటే, తీసేశాక ఏం మిగులుద్దండి? పన్ను లేకపోతే నవ్వడం మానేస్తాను. కన్ను లేకపోతే లేసెలా అల్లనండి?"

నేను కుర్చీలో కూలబడ్డాను, పేషెంటు కుర్చీలో. ఆ ఇంజెక్షనిస్తే కిందరెప్ప, ముక్కుపక్క, పై పెదవి రెండు మూడు గంటలు మొద్దుబారతాయని నాకు మొదటినుంచీ తెలుసు. తెలుసు కనుకనే చెప్పాలని తోచలేదు. ఆవిడ భయానికి సాక్ష్యం లేదనుకున్నాను. సాక్ష్యం నా వేలే ఇచ్చింది.

ఓపీ చీటీ వెనక బొమ్మ గీశాను. కంటికింద ఎముకలో చిన్న రంధ్రం, అందులోంచి వచ్చే నరం, రెప్పకు, పెదవికి, పళ్లకు దాని పాయలు. ఇవి స్పర్శను మోసేవి. చూపును మోసే నరం కనుగుడ్డు వెనకనుంచి వేరే దారిన మెదడుకు పోతుంది. ఆవిడ బొమ్మను లేసు నమూనా చూసినట్టు దగ్గరగా పెట్టుకుని చూసింది. సూది ఆ రంధ్రం దాటి పైకెళ్తే ఏమవుతుందని అడిగింది. నా దగ్గర పని నేర్చుకున్న కుర్రడాక్టర్లెవరూ అంత సూటిగా అడగలేదు. అలా వెళ్లకుండా కాపలా కాయడానికే ఆ వేలు అక్కడ ఉంటుందని చెప్పాను. అయితే ఆ మాట ముందే చెప్పొచ్చు కదండి అంది.

ఆవిడ ఒప్పుకున్నాక, ఆవేళకు చీము మాత్రం వదిలించి, అయిదురోజులకు మందులిచ్చి పంపాను. వాపు తగ్గాక, ఆరోరోజు ఉదయం చేతిసంచితో వచ్చింది. సంచిలో సగం అల్లిన లేసు పువ్వు, సూది, దారపుండ ఉన్నాయి. ఇంజెక్షను ఇచ్చాక తనకు పది నిమిషాలు కావాలంది. ఇది నేను చెప్పింది కాదు, పూర్తిగా ఆవిడ ఆలోచనే. ఈసారి సిరంజి చూపించాను. వేలు ఎక్కడ పెడుతున్నానో, ఎందుకు పెడుతున్నానో చెప్పి పెట్టాను. రెప్ప మొద్దుబారిందని ఆవిడే చెప్పింది. అప్పుడు కుడికంటికి చీరకొంగు కట్టుకుని, ఎడమకంటితో పువ్వు అల్లడం మొదలుపెట్టింది. బయట ఓపీలో వరస పెరుగుతోంది. విజయగారు నావంక చూస్తే, ఉండనివ్వండని సైగ చేశాను. ఒక చుట్టు పూర్తిచేసి, అల్లిన గళ్లు సూదిమొనతో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది.

"సరిపోయినయ్యండి," అంది. "ఇక కానియ్యండి."

అక్కణ్ణుంచి ఆవిడ నాకు పరీక్షాధికారి అయింది. నన్ను ఆపాలనుకుంటే ఎడమచెయ్యి ఎత్తమన్నాను. ఎత్తింది, నొప్పికి కాదు, ప్రశ్నలకు. రంధ్రం ఎటునుంచి పెడతారు? పన్ను వెనకనుంచి, నవ్వితే కనబడదు. కాలువ శుభ్రంచేసే సన్నటి ఉక్కుసూదుల్ని ఫైళ్లంటాం. పిడి రంగునుబట్టి నంబరు. మరగబెట్టినవి, ముట్టుకోకూడదంటే వాటిని కళ్లతోనే తడిమింది. నంబరు పెరిగేకొద్దీ ఫైలు లావవుతుందని చెబితే, తమ లేసు సూదులకైతే నంబరు పెరిగితే సన్నబడుతుందే అని అబ్బురపడింది. కనబడనిచోట చివర ఎలా తెలుస్తుందంటే, ఎక్స్‌రేలో ఫైలు మొన ఎక్కడుందో చూపించాను. వేళ్లకు కూడా తెలుస్తుందన్నాను. ఆ మాటకు మాత్రం తలూపింది. అది తనకూ తెలిసిన సంగతే.

మూడు సిట్టింగుల్లో పని పూర్తయింది. చివరిరోజు కాలువను రబ్బరులాంటి పదార్థంతో మూసి, పన్ను అంచునున్న గాడినికూడా పూడుస్తానన్నాను. దారం అక్కడైతేనే చప్పున తెగుతుందని, అది మాత్రం ఉంచెయ్యమని బతిమాలింది. కత్తెర వాడమని కోప్పడి పూడ్చేశాను. వాడుతుందని నాకేం నమ్మకం లేదు.

ఆవిడ వెళ్లాక విజయగారిచేత పాత రిజిస్టరు తెప్పించాను. ప్రభుత్వ రిజిస్టరులో రాసినదాన్ని చెరపకూడదు. ఒకే గీతతో కొట్టేసి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. 'పేషెంటు సహకరించలేదు' అన్నది కొట్టేసి, 'రెప్ప మొద్దుబారుతుందని డాక్టరు చెప్పలేదు' అని రాసి సంతకం పెట్టాను. తరవాత ఊరికే వెనక పేజీలు తిప్పాను. అంతకుముందు పనిచేసిన ఊళ్ల రిజిస్టర్లు నా దగ్గర లేవు గాని, ఈ ఒక్క పుస్తకంలోనే అదే వాక్యం నా చేతిరాతలో చాలాచోట్ల కనబడింది. వాళ్లలో ఎవరు దేనికి భయపడి లేచిపోయారో నాకు తెలియదు. అడగలేదు కనుక, వాటిని దిద్దడానికి వీల్లేకపోయింది.