అక్క ఉత్తరానికి ఇంగ్లీషు

అక్క మీద పెట్టిన అర్జీని నేను మొదటిసారి చూసింది చీరాలలో, లాయరు గారి బల్ల మీద. అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. ఇంటర్ అయిపోయి టైపు నేర్చుకుంటున్నాను. అక్క నాకన్నా ఆరేళ్ళు పెద్దది, వేటపాలెం దగ్గర ఒక చర్చి బడిలో టీచరు. నాన్న ఆ చర్చిలోనే ఉపదేశి. పాస్టరు గారు రాని ఆదివారాలు ఆయనే వాక్యం చెప్పేవాడు. అమ్మ పోయి చాలా కాలమైంది. మిషన్ కాంపౌండులో ఒంటిగది పెంకుటింట్లో ముగ్గురం ఉండేవాళ్ళం.

గుంటూరులో ట్రైనింగ్ చదివే రోజుల్లో అక్కకు ఒకతను పరిచయమయ్యాడు. ముస్లిం అబ్బాయి, మిర్చి కొట్లో గుమస్తా. ఉద్యోగం వచ్చాక కూడా ఇద్దరూ ఉత్తరాలు రాసుకునేవాళ్ళు. జవాబులు ఇంటికి వస్తే నాన్న కంట పడతాయని అక్క కవరు వెనక బడి చిరునామా రాసేది. అతను గది మారిన సంగతి ఆమెకు తెలియదు. ఒక ఉత్తరం అతనికి అందక తిరిగి బడికే వచ్చింది. బడి వ్యవహారాలు చూసే కరస్పాండెంటు గారు దాన్ని చింపి చదివారు.

అందులో ఉన్నది ఇంతే. రెండో తరగతి పిల్లలకు గవదబిళ్ళలు వచ్చాయని, నాన్న దగ్గు తగ్గలేదని, శనివారం సాయంత్రం చీరాల స్టేషన్‌కు వస్తానని, చివర్లో “మిమ్మల్ని చూడాలని ఉంది” అని. కరస్పాండెంటు గారు దీనికి ఇంకొకటి చేర్చారు. అక్క ఆ అబ్బాయితో చీరాల లాడ్జిలో ఉండగా చూసినవాళ్ళున్నారని చర్చి కమిటీకి అర్జీ రాశారు. కమిటీలో దాన్ని పైకి చదివారు. రెండు రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలిసింది. అక్కను బడికి రావద్దన్నారు.

లాయరు గారు అర్జీ చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు.

“ఇది డిఫమేషన్. పరువు నష్టం,” అన్నారు.

“పోలీసులకు చెప్పమంటారా అండీ?” అన్నాడు నాన్న.

“లాభం లేదు. ఇది నాన్ కాగ్నిజబుల్. పోలీసులు తమంతట తాము కేసు కట్టే నేరం కాదు. మీ అమ్మాయే కోర్టులో ప్రైవేటు కంప్లైంటు వెయ్యాలి.”

అప్పటిదాకా తలెత్తని అక్క అడిగింది. “మరి నా ఉత్తరం చింపి చదవటం నేరం కాదాండీ?”

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. “ప్రైవసీ అని ఒక మాటుందమ్మా. పైకోర్టుల తీర్పుల్లో కనిపిస్తుంది. కానీ నీ ఉత్తరానికి పనికొచ్చే సెక్షన్ ఏదీ నాకు తోచటంలా. చిరునామా బడిది, బడి తెరిచింది అంటారు.”

“ప్రైవసీ అంటే తెలుగులో ఏంటండీ?” అన్నాను నేను.

“ఏకాంతం అనొచ్చేమో. అబ్బే, అది వేరే. రహస్యం కూడా కాదు.” ఆయన ఇంకో మాట కోసం వెతికారు గానీ దొరకలేదు. ఒకే గది ఉన్న ఇంట్లో నేనూ అక్కా చీర మార్చుకునేటప్పుడు నాన్న ఏదో పనున్నట్టు బయటికి వెళ్ళి వేపచెట్టు కింద నిలబడతాడు. ఆ పనికి కూడా మేం ఏ పేరూ పెట్టుకోలేదు.

కంప్లైంటు వేశాం. ఆ నెలలోనే లాయరు గారి టైపిస్టు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. “నువ్వొచ్చి చెయ్యమ్మా, మీ కేసు నీకూ అర్థమవుతుంది,” అన్నారు ఆయన. రోజూ సైకిల్ మీద వెళ్ళి వచ్చేదాన్ని. కాగితాలన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి. టైపు కొట్టగలను గానీ కొట్టేది ఏమిటో తెలిసేది కాదు. అట్టలూడిన డిక్షనరీ ఒకటి పక్కన పెట్టుకుని ఒక నోటుబుక్కులో మాటలు రాసుకోవటం మొదలుపెట్టాను. ఇంప్యుటేషన్ అంటే ఒకరికి ఏదో అంటగట్టటం. పబ్లికేషన్ అంటే అచ్చు వెయ్యటమే కాదు, మూడో మనిషి చెవిన వెయ్యటం కూడా. లైబెల్ అంటే రాసిన నింద, స్లాండర్ అంటే నోటితో అన్నది. మన చట్టంలో రెండూ ఒకటేనని లాయరు గారు చెప్పారు. మాట తెలిసిన రోజు ధైర్యంగా ఉండేది. చేతిలోకి ఏదో ఆయుధం వచ్చినట్టే ఇంటికి వచ్చేదాన్ని.

సాయంత్రం నాన్న అడిగేవాడు, “ఇవాళేం నేర్చావే?” నేను చదివి వినిపించేదాన్ని. అక్క మాత్రం పొయ్యి దగ్గరనుంచి కదిలేది కాదు.

అవతలివాళ్ళు ఏమంటున్నారో తెలిసిన రోజున గుడ్ ఫెయిత్ అన్న మాట వచ్చింది. బడి మంచి కోరి, గుడ్ ఫెయిత్‌తో పెద్దలకు తెలియజేశానని కరస్పాండెంటు గారి వాదన. సెక్షన్ కింద మినహాయింపులు పది ఉన్నాయి. నేను అప్పటిదాకా సెక్షన్ ఒక్కటే చదివి సంతోషపడ్డాను.

“ఫెయిత్ అంటే విశ్వాసం కదే?” అన్నాడు నాన్న. “ఆయనకు విశ్వాసం ఉందంటే కోర్టు వదిలేస్తుందా?”

“ఆ విశ్వాసం కాదు నాన్నా. చెడు బుద్ధి లేకుండా, తగినంత విచారించి చెప్పాడని.”

“విచారించాడా? మనింటికొచ్చి ఒక్క మాట అడిగాడా?”

“లేదు.”

“మరి?”

నేను నోటుబుక్కు మూసేశాను. నాన్న ఆ తర్వాతి ఆదివారం వాక్యం చెప్పటానికి వెళ్ళలేదు. దగ్గు ఎక్కువైందన్నాడు.

అక్క ఉత్తరాన్ని అవతలి పక్షం కోర్టులో దాఖలు చేసింది. కరస్పాండెంటు గారి చేతిలోంచి అది ఫైల్లోకి వచ్చి, నంబరు పడి, ఎగ్జిబిట్, అంటే కోర్టు సాక్ష్యం, అయింది. దానితోపాటు ఇంగ్లీషు అనువాదం కూడా పెట్టారు. చివరి వాక్యానికి వాళ్ళు రాసింది, “ఐ డిజైర్ యూ.”

లాయరు గారికి కోపం వచ్చింది. “మన అనువాదం మనం వేద్దాం. నువ్వే చెయ్యమ్మా. మీ అక్క మాట నీకు తెలిసినట్టు నాకు తెలియదు.”

అంతకుముందు ఆ ఉత్తరం నేను చదవలేదు. అక్క కూడా చదవమని ఇవ్వలేదు. ఇప్పుడు చదవక తప్పలేదు, పైగా ఒక్కో మాటా విప్పి చూడాల్సి వచ్చింది. గవదబిళ్ళలకు మంప్స్ అని దొరికింది. “మిమ్మల్ని చూడాలని ఉంది” దగ్గర ఆగిపోయాను. విష్ అని రాస్తే పండక్కి పంపే కార్డులా ఉంది. వాంట్ మొరటుగా ఉంది. తపించటం అనే అర్థంలో లాంగ్ అని రాస్తే అవతలివాళ్ళు చెప్పేదే నిజమనిపించేలా ఉంది. “మిమ్మల్ని” అనటంలో అక్క పాటించిన మర్యాద ఏ మాటలోనూ ఇమడలేదు. ఇంగ్లీషులో యూ ఒక్కటే. ముందురోజు కొట్టిన కాగితాలు చించేసి మళ్ళీ కొట్టాను. చివరికి “ఐ విష్ టు సీ యూ” అని పెట్టి లాయరు గారికి ఇచ్చాను. రెండు అనువాదాలూ ఫైల్లో పక్కపక్కనే ఉండిపోయాయి.

ఇంటికి వచ్చాక అక్క అడిగింది, “చదివావా?”

“చదివాను.”

ఆ వారమంతా అక్క నాతో అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

ఎన్నో వాయిదాల తర్వాత అక్కను బోనెక్కించారు. పెద్దవాడని కరస్పాండెంటు గారిని బెంచీ మీద కూర్చోనిచ్చారు.

“ఈ దస్తూరీ మీదేనా?” అన్నాడు అవతలి లాయరు.

“నాదేనండి.”

“గట్టిగా చెప్పండి. శనివారం స్టేషన్‌కు వెళ్ళారా?”

“వెళ్ళానండి. కానీ ఉత్తరం ఆయనకు అందలేదు. ఆయన రాలేదు. కాసేపు కూర్చుని వచ్చేశాను.”

“అంటే వెళ్ళారు.”

“వెళ్ళాను గానీ...”

“అవునా కాదా చెప్పండి చాలు.”

“అవును.”

రాని మనిషి కోసం స్టేషన్లో ఎదురుచూసిన సంగతి అక్క మాకెవ్వరికీ చెప్పలేదు. ముప్పై మంది ముందు చెప్పాల్సి వచ్చింది. లాడ్జి గురించి ఆ లాయరు ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. నేను వెనక నిలబడి ఉన్నాను. సెక్షన్ నంబరు తెలుసు, మినహాయింపులు వరసగా చెప్పగలను, కానీ నోరు తెరిచే హక్కు లేదు. నాన్న నా చెయ్యి పట్టుకుని, “నువ్వేదన్నా చెప్పవే,” అన్నాడు.

గుంటూరు అబ్బాయిని సాక్షిగా పిలిపిద్దామా అని లాయరు గారు అడిగారు. అప్పటికే అతనికి పెళ్ళి కుదిరిందని విన్నాం. “వద్దండి, ఇంకో ఇల్లు పాడుచెయ్యటం ఎందుకు,” అంది అక్క. తర్వాతి వాయిదాకు ముందే కేసు వద్దంది. లాయరు గారు బతిమాలలేదు. “కాంపౌండ్ చేసుకోవచ్చు,” అన్నారు. మాకు తెలిసిన కాంపౌండు మా ఇల్లున్నది ఒక్కటే. రాజీ అని ఆయనే అర్థం చెప్పారు.

ఆ రాజీ కాగితం నేనే టైపు చేశాను. కరస్పాండెంటు గారు రిగ్రెట్ అన్న మాటకే ఒప్పుకున్నారు. అపాలజీ అంటే సంతకం పెట్టనన్నారు.

“క్షమించమని అడిగినట్టేనా?” అన్నాడు నాన్న.

“కాదు నాన్నా. ఆమెకు బాధ కలిగినందుకు చింతిస్తున్నాను అని.”

“ఎవరి వల్ల కలిగిందట?”

“అది రాయలేదు.”

అక్కను బడిలోకి మళ్ళీ తీసుకోలేదు. ఆ మరుసటి ఏడాది చీరాలలో ఒక ప్రైవేటు కాన్వెంటులో చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పే పనిలో చేరింది. నేను ఇంకొన్నాళ్ళు లాయరు గారి దగ్గరే ఉన్నాను.

రాజీ అయిన రోజు కోర్టు వరండాలో కరస్పాండెంటు గారు ఎదురుపడ్డారు. తప్పుకుని పోతారనుకున్నాను. ఆగారు.

“ఏమ్మా, బాగున్నావా?” అన్నారు, చర్చి ముందు ఎప్పుడూ పలకరించినట్టే.

“బాగున్నానండి,” అంది అక్క.

బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. పందిళ్ళపల్లి దాటాక నా వైపు తిరిగింది. ముఖం ఎర్రగా ఉంది.

“ఆయనకు బాగున్నానండి అన్నానేంటే?”

“అలవాటులే అక్కా.”

“అండీ అని కూడా అన్నాను,” అంది. తర్వాత మా స్టాపు వచ్చేదాకా పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నేను ఆమె చేతిసంచి నా ఒళ్ళో పెట్టుకున్నాను.