ఒంటి తుమ్ము

మా అత్తగారింట్లో ఒంటి తుమ్ము వినిపిస్తే లోకం ఆగిపోవాల్సిందే. గడప దాటబోయిన కాలు వెనక్కి రావాలి, పొయ్యి మీద పెట్టబోయిన గిన్నె కిందికి దిగాలి. తుమ్మినవాళ్లూ విన్నవాళ్లూ కాసేపు కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి, అప్పుడు లేవాలి. వెంటవెంటనే రెండు తుమ్ములు పడితే ఫర్వాలేదు, శుభమే. ఒక్కటే పడితే మాత్రం మా అత్తమ్మ ఎవర్నీ కదలనిచ్చేది కాదు. వికారాబాదులో మా పుట్టింట్లోనూ ఇదే పద్ధతి. కాకపోతే మా అమ్మ ఈ చట్టాన్ని పడకగది దాకా తీసుకెళ్లలేదు.

నిజాం పాలన పోయిన ఏడు నేను ఐదో తరగతి. ట్రైనింగు చేసి, టీచరుగా చేరి, తాండూరు సంబంధం కుదిరేసరికి ఇరవై మూడు నిండాయి. ఆ రోజుల్లో అంత వయసొచ్చిన పెళ్లికూతుర్ని చూడటానికి పిలవనివాళ్లు కూడా వచ్చారు. ఆయనకు ఇరవై ఏడు. నాపరాళ్ల గనిలో బండలు లారీకెక్కించే చోట గుమస్తా. బక్కపలచని మనిషి, మెత్తని మాట, చెవులు మాత్రం పెద్దవి. చూడగానే నచ్చాడు. ఆ మాట అప్పట్లో పైకి చెప్పకూడదు, ఇప్పుడెవడు అడ్డమొస్తాడో చూస్తాను.

ఇల్లు రెండు గదులు. మధ్యలో తలుపు లేదు, తెర ఉంది. తెరకు అటు మా అత్తమ్మ, ఆమె నశ్యం డబ్బీ. ఇటు మేము. మామగారు అప్పటికే పోయారు. మొదటి రాత్రి ఆయన నా చేయి పట్టుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "హాఛ్!" అన్నాడు.

తెర అవతల నుంచి వెంటనే గొంతు లేచింది. "ఆగు కొడుకా! ఒంటి తుమ్ము. జర కూసోని నీళ్లు తాగుర్రి."

కూర్చున్నాం, తాగాం. మళ్లీ చేయి పట్టుకున్నాడు. మళ్లీ హాఛ్. మళ్లీ "ఆగు కొడుకా." చెంబు ఖాళీ అయ్యేదాకా ఇదే వరస. తర్వాత ఆయన దొడ్లోకి, నేను గోడవైపుకి. నెల తిరిగినా అంతే. మా కాపురంలో జరిగిందల్లా నీళ్లు తాగడమే.

మొదట నశ్యాన్ని అనుమానించాను. "అత్తమ్మా, గా డబ్బీ జర దూరం పెట్టు" అన్నాను. "పీల్చే నాకు రాని తుమ్ము నా కొడుక్కెందుకొస్తది?" అంది. న్యాయమైన ప్రశ్నే. తర్వాత బండల దుమ్మును అనుమానించి ఆయనకు రెండు పూటలా స్నానం చేయించాను. అదీ కాదు. మల్లెపూలు మానేశాను, తలనూనె మార్చాను, పౌడరు డబ్బా పక్కింటామెకిచ్చేశాను. చివరికి నాలో ఏ వాసనా మిగల్లేదు. ఆయన తుమ్ము మాత్రం అలాగే ఉంది. పోనీ ఎప్పుడూ తుమ్మే మనిషా అంటే, గనిలో తుమ్మడు, పక్కన మిరపకాయలు దంచుతున్నా తుమ్మడు. నా దగ్గరికొస్తేనే. మనిషినన్నాక మండదా? నేనంటే ఈయన ఒంటికే పడటం లేదనుకున్నాను. కుళ్లి కుళ్లి ఏడ్చాను.

మా అత్తమ్మకు ఇంకోలా తోచింది. "దేవుడే అడ్డం పడుతున్నడు. గీ పిల్ల మనకు అచ్చిరాలే. పెద్దమనుషుల్ల పెట్టి పుట్టింట్ల దించొద్దాం" అంది.

ఆయన నేల చూశాడు. అమ్మకు ఎదురు చెప్పడం ఆయనకు ఏనాడూ అలవాటు లేదు. నాకు కావలసింది ఒక్క మాట. ఈమెను నేను ఏలుకుంటానని ఆయన అనాలి. అనలేదు.

ఆదివారం పొద్దున ముగ్గురం వికారాబాదుకు ప్యాసింజరెక్కాం. కిక్కిరిసిన జనం. అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుని కునుకు తీసింది. మా ఇద్దరికీ కలిపి ఒక మనిషి పట్టేంత చోటు దొరికింది. బండి కుదిపితే నా భుజం ఆయన మీద ఆనింది. హాఛ్! ఎదుటి బెంచీ మీదున్న తలపాగా ముసలాయన లేవబోయినవాడల్లా కూర్చుండిపోయాడు. రైలు మాత్రం ఆగలేదు. ఒంటి తుమ్ముకు ఆగనిది కూడా ఒకటుందని అప్పుడే చూశాను.

చూసింది ఇంకొకటి కూడా. ఆ చెవులు! తుమ్ముకు ముందు కణకణలాడుతున్నాయి. నేను కాస్త జరిగాను, చెవులు మామూలయ్యాయి. కొంగు చాటున నా చిటికెన వేలు ఆయన చేతికి తగిలించాను. చెవులు ఎర్రన, హాఛ్. తీసేశాను, ఏమీ లేదు. పెట్టాను, హాఛ్. ముసలాయన పాపం తన స్టేషనులో దిగాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్నాడు.

"నిజం చెప్పు, నీకు గిట్ల ఇంకెప్పుడన్న అయిందా?" అని చెవిలో అడిగాను.

చాలాసేపు గొణిగి, "టాకీసుల," అన్నాడు. "ఆడోళ్ల డాన్సు వస్తే తుమ్మొచ్చేది. దోస్తులు నవ్వుతరని మూతికి దస్తీ అడ్డం పెట్టుకునేటోణ్ణి."

"అయితే నేనంటే నీకు పడక కాదా?"

"పడకేంది? మస్తు ఇష్టం," అని, మళ్లీ తుమ్మాడు.

"ఓరి నీ పాసుగాల! గా మాట మొదలే చెప్పొద్దా?"

"ఎట్ల చెప్పాలె? గదేదో రోగమనుకున్న."

నవ్వాలో నాలుగు తగిలించాలో తెలియలేదు. నెలంతా ఆ మనిషి నన్ను కోరుకుంటున్నానని ఊరంతా వినేలా చెబుతున్నాడు, నేనేమో నూనెలు మారుస్తున్నాను!

మా ఇంటి పందిరి కింద చాపలు పరిచారు. మా నాయన, మేనమామ, ఇద్దరు పెద్దమనుషులు కూర్చున్నారు. మా అత్తమ్మ ఉన్నదంతా చెప్పింది. పెద్దమనుషులు తలలూపారు. "పాపం, ఎవల తప్పు లేదు. దేవునికే ఇష్టం లేకపోతే ఏం జేస్తం?" అన్నాడొకాయన. మా నాయన తల వంచేశాడు. రైల్లో అంత చెప్పిన మనిషి ఇక్కడ చాప పుల్లలు పీకుతూ కూర్చున్నాడు.

నాకు తిక్క రేగింది. లేచి వెళ్లి, అందరి ముందూ ఆయన చేయి పట్టుకున్నాను.

హాఛ్!

"ఆగుర్రి!" అన్నారు అందరూ ఒక్కసారే. అత్తమ్మ చెంబు అందుకుంది.

"నీళ్లద్దు అత్తమ్మా," అన్నాను. "గా తుమ్ము నాది. నా మీద మనసైతేనే వస్తది. నమ్మకుంటే మీ కొడుకునే అడుగుర్రి."

మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అందరూ ఆయన్నే చూస్తున్నారు. చెవులు రక్తం కారేలా ఉన్నాయి. అయినా నా చేయి వదల్లేదు.

"అవు," అన్నాడు. "నేను ఈమెను ఏలుకుంట. ఇగ ఎవరు ఆగమన్నా ఆగ." ఇంకోటి తుమ్మాడు. మా మేనమామ చాప మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు.

తిరిగి వచ్చాక ఆయన చేసిన మొదటి పని తెర పీకి తలుపు పెట్టించడం. నీళ్ల చెంబు మాత్రం నేనే ఉంచమన్నాను. ఎందుకంటే ఆడదాని ఒళ్లు నిదానం, ఈ సంగతి నాకు ఏ బడిలోనూ ఎవరూ చెప్పలేదు. ఆయన తుమ్మాక లేచి కూర్చుని, చెరో గుక్క తాగి, గని కబుర్లూ బడి కబుర్లూ చెప్పుకుని, నవ్వుకుని మళ్లీ దగ్గరైతే, అప్పుడు అందేది నాకు సుఖం. అది నిండినప్పుడు నాకు కళ్లవెంట నీళ్లు కారేవి. మొదటిసారి ఆయన హడలిపోయి "నొచ్చిందా?" అన్నాడు. "లేదయ్యా, నీకు తుమ్మొచ్చినట్టు నాకు గిదొస్తది," అన్నాను. చాలా కాలానికి హైదరాబాదులో ఒక డాక్టరమ్మను ధైర్యం చేసి అడిగాను. కోరిక కలిగితే ముక్కు లోపలి కండకు కూడా రక్తం ఎక్కి ఉబ్బుతుందట, కొందరికి తుమ్ములొస్తాయట. ఆ కన్నీళ్లు కూడా కొందరికి ఉన్నవేనట. ఆమె మామూలుగానే చెప్పింది, నేనే సిగ్గుతో చచ్చాను.

మా అత్తమ్మ ఆ పంచాయితీ తర్వాత తుమ్ముల మాట ఎత్తలేదు. ఒక సెలవునాడు మధ్యాహ్నం నేను గదిలోంచి జుట్టు ముడుచుకుంటూ వచ్చేసరికి ఆమె గడపలో బియ్యం చెరుగుతోంది. లోపల మా ఆయన తుమ్ము ఆమెకు వినపడే ఉంటుంది. తల దించుకుని చెంబు నింపబోయాను.

ఆమె చాట కింద పెట్టి, నశ్యం డబ్బీ తీసింది. ఐదుగురు పిల్లల్ని కన్న మనిషి. డబ్బీ మూత తిప్పుతూ, నన్ను చూడకుండా, మొదటిసారి బిడ్డా అని పిలిచింది.

"మీ మామ ఒక్కనాడు గూడ తుమ్మలే బిడ్డా," అంది.