మా ఆవిడ పెట్టుకున్న మూడో ప్రొఫైల్

రియాద్‌లో మా ఇంట్లో లాప్‌టాప్ ఒక్కటే. వార్తలు చదివే ప్రోగ్రాంలో నేను రెండు ప్రొఫైళ్లు పెట్టాను. సౌదీవాళ్లకే ఉద్యోగాలివ్వాలనే నితాఖత్, మేం ఇక్కడ ఉండటానికి కావలసిన ఇకామా, మాలాంటి పరాయిదేశం వాళ్ల కుటుంబాల మీద తలకింతని వేసే లెవీ వార్తలన్నీ ఒకదాంట్లోకి, వంటలు, క్రికెట్ రెండోదాంట్లోకి వస్తాయి. కంగారుపడుతుందని మా ఆవిడకు రెండోదే చూపిస్తాను.

ఈ సాయంత్రం ఆఫీసు నుంచి ఈసురోమంటూ వచ్చి తెరిస్తే, అందులో మూడో ప్రొఫైల్ కనిపించింది. నిండా గుంటూరు స్కూళ్ల అడ్మిషన్ల కబుర్లే.

“ఇదెప్పుడు పెట్టావు?” అన్నాను.

“లెవీ మొదలైన నెలేనండీ. మీరు బెంగపెట్టుకుంటారని చెప్పలా,” అంది బెండకాయలు తరుగుతూ.

ఇన్నాళ్లూ దాచేది నేనొక్కణ్ణే అనుకున్నాను. మూడింటినీ ఒకటిగా కలపడమెలాగో తెలిసినవాళ్లుంటే చెప్పండి. తనూ పిల్లలూ రియాద్‌లో ఉండగానే చెబితే మేలు.