ఫోన్లో డైసీ పాట నేర్పిన ఏడాది

భిలాయి సెక్టర్ 4 బడిలో పాటల టీచరు డైసీకి చెవులు మహా పదును. పక్కింట్లో ఎవరైనా శ్రుతి తప్పితే ఇక్కడ ఆమె చేతిలో ముద్ద ఆగిపోయేది. భిలాయి కొత్త రాష్ట్రంలోకి వచ్చిన మరుసటి ఏడు, క్రిస్మస్ పాటల బృందాన్ని ఆమెకే అప్పగించారు. పాడేవాళ్లలో సగం మంది పక్క ఊరు కుమ్హారిలో, సగం మంది చరోదా రైల్వే క్వార్టర్లలో ఉండేవారు. వాళ్ల డ్యూటీలతో అందరూ ఒకచోట చేరడం కల్ల. అందుకని డైసీ ఫోన్ పట్టుకుంది.

ఏ ఊరివాళ్లు ఆ ఊళ్లో ఫోనున్న ఇంట్లో చేరేవారు. "ఏదీ, పాడండి" అనేది డైసీ. పాడేవారు. "రెండో చరణంలో శ్రుతి దిగిపోయింది. మళ్లీ." బాగున్నచోట బాగుందనడం ఆమెకు తట్టేదే కాదు. బాగున్నదాంట్లో సరిదిద్దడానికేముంది మరి! ఫోన్ పెట్టేశాక కిటికీ దగ్గర కూర్చుని, అన్ని గొంతులూ ఒక్కటై పాడుతున్నట్టు ఊహించుకుంటూ చల్లారిన టీ తాగేది. ఉక్కు ప్లాంటు వైపు ఆకాశం ఎర్రగా వెలిగి మెల్లగా ఆరిపోయేది. ఆ కాసేపూ ఆమెంత సుఖపడినవాళ్లు భిలాయిలో ఉండరు.

కుమ్హారి వాళ్లు దారికొచ్చారు. చరోదాలో జెన్నీ నడిపే జట్టు మాత్రం రోజురోజుకీ నీరసపడిపోయింది. ఫోన్లో అంతా గొణుగుడే. ఒట్టి బద్ధకం, అని తేల్చేసింది డైసీ. ఈ ఏడాదికి మీరొద్దని ముఖమ్మీదే చెప్పేద్దామని ఆదివారం ప్యాసింజరెక్కింది.

జెన్నీ ఇంటి సందు తిరిగేసరికి పాట వినపడింది. యార్డులో రైలు పెట్టెలు తగులుకునే చప్పుడుకు లయ కలుపుకుని, తాపీగా, నవ్వుకుంటూ పాడుతున్నారు. ఆ రెండో చరణమే! డైసీ ఎండలోనే కళ్లు మూసుకుని నిలబడిపోయింది. కిటికీ దగ్గర తాను రోజూ ఊహించుకునే పాట ఇదే. ఏడుపొచ్చింది ఆమెకు.

తలుపు తోసింది. పాట ఠక్కున ఆగింది. అందరూ లేచి నిలబడ్డారు.

"ఆపేసారేటి?"

జెన్నీ తల దించుకుంది. "నీ ఫోనొచ్చినా ఇంతే దీదీ. తప్పెక్కడ పట్టుకుంటావోనని గొంతు పట్టేస్తాది. నువ్వు పెట్టేసాకే పాడుకుంటాం."

చెప్పాలని వచ్చిన మాట డైసీ నోట్లోనే ఉండిపోయింది. సిగ్గుతో ఆ పదునైన చెవులే మండాయి. చెప్పులు విడిచి, అందరి వెనకా చాప మీద చోటు చూసుకుని కూర్చుంది.

"నన్నూ కలుపుకోండర్రా" అంది.

యార్డులో బండి కదిలింది. జెన్నీ, ఆమె వంక చూడకుండానే, గొంతెత్తింది.

రెండో చరణంలో తప్పింది డైసీ గొంతే. ఎవరో కిసుక్కుమన్నారు గానీ, పాట ఆగలేదు.