బర్రె తిన్నదా?

సోమనర్సయ్యన్నకు ఒక్కటే రోగం. మనిషి ఎదురైతే "బాగున్నవా" అనడు, "మీ బర్రె తిన్నదా?" అంటడు. పెండ్లిల గదే, దవాఖానల గదే. కొత్తల్లుడు ఇంటికొస్తే గుడ గదే అడిగిండు. పిలగాడు బట్టల షాపుల గుమస్తా, బర్రె ఏడికెల్లి తెస్తడు? పరేషానైండు.

మా తరిగొప్పులల ఎనకట అంత జొన్ననే. గింజ మాకు, చొప్ప పసులకు. తర్వాత పత్తొచ్చింది. పత్తికట్టెకు బర్రె మూతి గుడ పెట్టది. మేత లేక పసులు శానమట్టుకు అంగడికి పోయినయి, కొట్టాలల్ల మోటర్ సైకిళ్లు నిలవడ్డయి. గడ్డి కావాల్నంటే కాలువ పారే నెల్లికుదురు దిక్కుకెల్లి లారీల రావాలె. సోమన్న ఒక్కడే జొన్న ఇడువలే.

"పిట్టల కోసం ఎవుసం చేస్తున్నవానే?" అని పక్కింటి రాంచందర్ నవ్వేటోడు.

"నీ బర్రె తిన్నదార?"

"అమ్ముకుంటిగదనే!"

"మరి నీకు బువ్వెట్ల దిగుతున్నదిర?"

తెలంగాణ కోసం సమ్మె నడిచిన ఏడు రోడ్డు మీద వంటావార్పు పెట్టినం. పట్నంకెల్లొచ్చిన లీడరు మైకుల గొంతు చించుకుంటున్నడు. తన ఎడ్ల కుడితి కోసం బియ్యం కడిగిన నీళ్లు బకిట్ల నింపుకుంట సోమన్న లేచిండు. "జై తెలంగాణ అన్నా! మీ బర్రె తిన్నదా?" జనం పొట్టలు పట్టుకున్నరు.

గా సమ్మెలనే మా ఇంటాయన రాజేశం పానం పోయింది. పీనుగ ఇంక వాకిట్లనే ఉన్నది. సోమన్న పక్కకు కూసుండి, మెల్లగ, "చెల్లే చిలుకమ్మా, బర్రె తిన్నదా?" అన్నడు.

"నీ నోట్ల మన్నువడ! మనిషి పోతే బర్రె గావాల్నా నీకు?"

కండువతోని కండ్లు తుడుసుకొని లేచి పోయిండు.

సమ్మెకు రోడ్డుకడ్డం మేమే కూసుంటిమి, గడ్డి లారీలెట్ల వస్తయి? మాకు మిగిలిన ఒక్క బర్రె పాల మీదనే నా పిల్లలు బతకాలె. దినాలైనంక ఇగ అంగడికి తోలుదామని పలుపు ఇప్పిన. ఎదురుంగ సోమన్న, నెత్తి మీద జొన్నచొప్ప మోపు.

"రాజేశం పోయిండు. ఇది గుడ పోతే పోరలేం తాగుతరు? కట్టెయ్యవ్వా."

లారీలు తిరిగేదాంక రోజుకో మోపు తెచ్చిండు.

ఓనాడు పాలు తీసుకొని ఆళ్లింటికి పోయిన. చొప్పవామి లేదు, ఎడ్లు లేవు. వామి నా బర్రె తిన్నది, ఆయన ఎడ్లు అంగడికి పోయినయి. ఎండిన కుడితి గోలెం పక్కకు ఒక్కడే కూసున్నడు.

"అన్నా, నువ్వు తిన్నవా?"

గా మాట ఆయన్ని ఎవ్వరన్న అడిగిన్రో లేదో, తలెత్తి నా మొకం చూసిండు.

"తింట తియ్ గని..."

"తిన్నదన్నా, కడుపు నిండ తిన్నది. నువ్వు లే."