బొట్టు పెట్టిన డబ్బా

దెయ్యాల సినిమా తీశానని సూర్యాపేటలో ఇప్పటికీ నన్ను చూసి నవ్వేవాళ్లున్నారు. అందులో దెయ్యం లేదు. ఏమీ లేకపోవడమే నా సినిమా. అది అర్థం కాని దద్దమ్మలకు అప్పుడూ సంజాయిషీ ఇవ్వలేదు, ఇప్పుడూ ఇవ్వను.

డెబ్బైల మొదట్లో అక్కడి హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. మా పాప పదకొండు నెలలకే జ్వరంతో దవాఖానలో పోయింది. ఒక్క ఫోటో కూడా తీయించలేదు. పరామర్శకు వచ్చిన ప్రతివాడూ "దేవుడు సూస్తనే ఉన్నడు సార్, మళ్ల ఇస్తడు" అని, మా ఇంట్లో చాయ తాగి పోయాడు. చూస్తూ ఊరుకున్నవాడి గొప్పలు నాకెందుకు? నా భార్య మాత్రం ఆ మాటే పట్టుకుని రెండుపూటలా దీపం పెట్టేది. ఆ దీపం చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

అప్పుడే పాత పుస్తకాల కొట్లో అట్ట ఊడిన ఇంగ్లిష్ కథల పుస్తకం దొరికింది. చుక్కల అవతల మనకంటే ఎంతో ముందునుంచీ ఏదో ఉందని, మనమంటూ ఉన్నామన్న సంగతే దానికి తెలియదని అందులో ఒక కథ. పాప పోయాక నన్ను ఓదార్చాలని చూడని మాట అదొక్కటే. దాన్ని సినిమా తీసి, పరామర్శించిన ప్రతివాణ్ణీ కూర్చోబెట్టి చూపించాలనుకున్నాను. అందరికంటే ముందు నా భార్యకు.

మిర్యాలగూడలో ఫోటో స్టూడియో నడిపే ఒకాయన దగ్గర చిన్న సినిమా కెమెరా ఉండేది. రీలు మూడు నిమిషాలు, మాటలు రావు. ఆయన ప్రతిదానికీ కొబ్బరికాయ కొట్టే రకం. కథ చెబితే తల గోక్కున్నాడు.

"గంతసేపు సూపిచ్చి ఆఖరికి ఏం లేదంటే జనం తంతరు సార్. ఎర్రకండ్లదొకటి పెడదాం."

వద్దంటే వద్దన్నాను. హమాలీ వేషం కట్టడానికి కోదాడ నుంచి వచ్చిన నాటకాలాయన ఇంకో తలనొప్పి. "కనీసం ఒక్క పద్యమన్నా ఎత్తుకోనివ్వండి మాస్టారూ" అంటాడు, మాటలే రాని సినిమాలో!

ఒక ఆదివారం మిర్యాలగూడ రైసుమిల్లులో తీశాం. ఒక హమాలీ మూతపడ్డ గోదాము తలుపు తెరుస్తాడు. తెర నిండా అర నిమిషం చీకటి. తర్వాత వాడు మతిపోయి ఎండలో ఊకకుప్ప మీద పరుగెడతాడు. అంతే కథ. ఆ చీకటీ ఎండా తీయాల్సిన ఆఖరి రీలుకు వచ్చేసరికి గోనెసంచి మీద రెండు రీలు డబ్బాలున్నాయి. ఒకదాని మీద కుంకుమ బొట్టు. దేవుడు లేడని చెప్పే సినిమాకు బొట్టా! నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఆయన అటు తిరిగి వెలుతురు చూసుకుంటుంటే చేతిరుమాలుతో బొట్టు శుభ్రంగా తుడిచేసి, కావాలనే ఆ డబ్బానే అందించాను. ఆయన దాన్ని నాలుగువైపులా తిప్పి చూసి, కెమెరాలో ఎక్కించాడు.

రీళ్లు కడిగించడానికి బొంబాయి పంపితే రెండు నెలలు పట్టింది. ఆ మధ్యలో ఆయన తల్లి పోయింది. నేను వెళ్లలేదు. పరామర్శలంటే నాకు అసహ్యం.

రీళ్లు సరిగ్గా ప్రదర్శన రోజు పొద్దున వచ్చాయి. చూసుకునే వ్యవధి లేక వరసగా అతికించేశాం. బడిలో ఒక గది కిటికీలకు గోనెసంచులు కట్టి, గోడకు తెల్ల పంచె బిగించాం. నేను పిలిచినవాళ్లంతా వచ్చారు. గోదాము తలుపు తెరుచుకుంది. చీకటి వచ్చింది. నేను తెరను కాదు, నా భార్య ముఖాన్ని చూస్తున్నాను.

ఆ ముఖం మీద వెలుగు పడింది. తెర వైపు తిరిగాను. చీకట్లో కర్పూరం వెలుగుతోంది. వణికే చేతులతో ఒక ముసలావిడ హారతి తిప్పుతోంది. తిప్పి, నవ్వుతూ పళ్లెం మా వైపు చాపింది. నా భార్య లేచి తెర దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ చాపి హారతి కళ్లకద్దుకుంది. ఆమె వెనకే అందరూ లేచారు. ఇంతలో ఊకకుప్ప, ఎండ వచ్చాయి. ముసలావిడ ఆ ఎండలో కలిసిపోయింది.

అందరి ముందూ స్టూడియో ఆయన మీద పడ్డాను. "ఒకసారి తీసిన రీలు మీదే మళ్లీ తీశావా? తీసిన రీలేదో తీయని రీలేదో తెలియనివాడివి కెమెరా ఎందుకు పట్టావయ్యా?"

ఆయన తల ఎత్తలేదు. "తీసిన రీలు డబ్బాకు బొట్టు పెడత సార్. ఎన్నడు తప్పలే. గా దినం ఎట్ల మర్సిపోయిన్నో ఏమో. పొద్దుగాల మా అమ్మ పూజ జేస్తుంటే గా రీలు తీసిన. అన్నీ కలిపి బొంబాయి పంపుదామని తెచ్చిన."

జేబులో అదే రుమాలు ఉంది.

కాసేపటికి ఆయనే దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "అమ్మది గా బొమ్మొక్కటే ఉండె. ఆ ఎండలకెల్లి అమ్మను ఇడదీయొస్తదా సార్? మీరు సైన్సు సార్ గద."

రాదన్నాను. అంతవరకు నిజమే చెప్పాను. బొట్టు తుడిచింది నేనని మాత్రం ఆయన బతికున్నన్నాళ్లూ చెప్పలేదు.